వి.పి.ఎన్.: సీలు ఎవరి చేతిలో ఉన్నది?
(కార్మిక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్, క్లుప్తంగా వి.పి.ఎన్., అన్న మాట నేడు మన కార్యాలయాలలో తరచు వినబడుతున్నది. ఇది ఇంజనీర్ల విషయమని మనం పక్కన పెట్టరాదు. మన జీతాల వివరాలు, బ్యాంకు లావాదేవీలు, సంఘం ఉత్తరాలు సైతం ఇంటర్నెట్ మీదుగా సాగుతున్న కాలమిది.

రైల్వే మెయిల్ సర్వీసు ఎరిగినవారికి దీని స్వరూపం సులభంగా బోధపడుతుంది. టపా సంచికి సీలు వేసి రైలెక్కిస్తాము. రైలు అందరిదీ, సంచి ఎన్నో చేతులు మారుతుంది. అయినా లోపల ఎవరి ఉత్తరమున్నదో దారిలో ఎవరికీ తెలియదు. వి.పి.ఎన్. కూడా మన ఫోను నుండి బయలుదేరిన సమాచారాన్ని గుప్తలిపిలోకి మార్చి తన సర్వరుకు చేరుస్తుంది. అక్కడ సీలు విప్పి గమ్యానికి పంపుతుంది. ఆ తరువాతి దారిలో ఈ సీలు ఉండదు.

దీని ప్రయోజనాలు నిత్యజీవితంలోనివే. దూరాన ఉన్న ఉద్యోగి కార్యాలయపు కంప్యూటరును భద్రంగా చేరగలడు. స్టేషనులోని ఉచిత వైఫైలో పక్కవాడు తొంగిచూసే అవకాశం తగ్గుతుంది. 2000లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ రైల్‌టెల్, రైలు మార్గాల వెంబడి వేసిన ఫైబర్ తీగలపై ఇటువంటి ప్రత్యేక నెట్‌వర్కులను సంస్థలకు సమకూర్చుతున్నది.

అయితే సీలు విప్పేవాడెవరన్నదే అసలు ప్రశ్న. కార్యాలయపు వి.పి.ఎన్. గుండా మనం ఏ సైటుకు పోయామో కార్యాలయం తెలుసుకోగలదు. కనుక సంఘ వ్యవహారాలను దాని ద్వారా నడపరాదు. ఉచితమని ఊరించే వి.పి.ఎన్.లలో కొన్ని మన వివరాలనే సరకు చేసుకుంటాయి. ఇక మోసగాడి మాట నమ్మి ఓ.టి.పి. చెప్పినవారిని ఏ సీలూ కాపాడదు.

వి.పి.ఎన్. చట్టానికి అతీతమూ కాదు. చందాదారుల వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచవలెనని వి.పి.ఎన్. సంస్థలను 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించినది. ఉత్తరాలను తెరిచే అధికారాన్ని విస్తరింపజేసిన 1986 నాటి తపాలా బిల్లుకు రాష్ట్రపతి జైల్ సింగ్ ఆమోదముద్ర వేయలేదు. నాడు ఉత్తరం విషయంలో తలెత్తిన గోప్యతా సమస్యయే నేడు ఇంటర్నెట్ విషయంలోనూ తలెత్తుతున్నది.

పరుల ఉత్తరాల గోప్యతను తరతరాలుగా కాపాడినవారము మనము. మన గోప్యతను గురించి అడిగే హక్కు మనకున్నది. కార్యాలయపు వి.పి.ఎన్.లో ఏమేమి నమోదవుతున్నది, ఎంతకాలం ఉంచుతున్నారు, ఎవరు చూస్తున్నారు? ఈ మూడింటికీ లిఖితపూర్వకమైన సమాధానాన్ని ప్రతి శాఖా కోరవలెనని విజ్ఞప్తి చేస్తున్నాము.