టైర్ ట్రాక్ ఈల్‌కి తోడుగా ఏ చేపలు వేయాలి?

బేగంపేటలో మా హాల్లోంచే మాట్లాడుతున్నాను. వెనకాల గుర్రుమంటున్నది ఫిల్టరు, పట్టించుకోకండి. పోయిన ఎపిసోడ్‌లో ఈల్‌ని చూపించాక అందరూ అడిగింది ఒకటే: దీంతోపాటు ఇంకేం చేపలు వేయొచ్చు?

ముందు ఇదేం చేపో చెప్తాను. ఒంటి మీద టైరు అచ్చు పడ్డట్టు మెలికల గీతలుంటాయి కదా, అందుకే షాపుల్లో టైర్ ట్రాక్ ఈల్ అంటారు. నిజానికి ఈల్ జాతి కాదు. మన బొమ్మిడాయిల కుటుంబమే, వాటిలో పెద్ద రకం. మా అత్తగారిది కోనసీమ. మొదటిసారి చూసి, "అల్లుడుగారూ, పులుసులో పడాల్సినదానికి అద్దాల మేడ కట్టారేంటండీ?" అన్నారు.

కొన్నప్పుడు జానెడే ఉంటుంది. నదుల్లో 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ట్యాంకులో కూడా రెండడుగులు దాటొచ్చు. 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అంటే దాదాపు 560 లీటర్ల ట్యాంకు ఉంటేనే తోడు గురించి ఆలోచించండి.

ఇక నేను చేసిన తప్పు. నా మొదటి ఈల్‌తో రెండు ఆస్కార్లు వేశాను. పెద్ద చేపలు, దీని నోట్లో పట్టవు, ఇంకేం భయం అనుకున్నా. కొట్టుకోలేదు కూడా. ఆఫీసు నుంచి వచ్చి ఏడింటికి మేత వేస్తే ఆస్కార్లు నిమిషంలో ఊడ్చేసేవి. ఈల్ రాత్రి జీవి కదా, పదకొండింటికి ఇసుకలోంచి తల బయటపెట్టేసరికి ఏమీ మిగిలేది కాదు. రెండు నెలలకి ఒక రాత్రి టార్చి వేసి చూస్తే తల వెనకాల వీపు గుంటలు పడిపోయింది. ఒంటి మీద ఒక్క గాటు లేదు. ఆకలి, అంతే. ఆస్కార్లని వేరేవాళ్లకి ఇచ్చేశాక వానపాములు పెట్టినా ముట్టలేదు. ఆ ఈల్ దక్కలేదండీ.

అందుకని ఇప్పుడు ఎవరడిగినా, కరుస్తుందా కరవదా అన్నదానికంటే ముందు ఎవరు ఎప్పుడు తింటారో చూడమంటాను. ప్రస్తుతం ఉన్నది నా రెండో ఈల్. దీనితో ఆరు సిల్వర్ డాలర్లు ఉన్నాయి. అవి పైనా మధ్యలోనే తిరుగుతాయి, ఎక్కువగా ఆకులూ కూరలూ తింటాయి, పగలే తింటాయి. మొక్కలు మాత్రం మిగలవు! టిన్‌ఫాయిల్ బార్బ్‌లు కూడా బాగానే ఉంటాయి కానీ అడుగు దాకా పెరుగుతాయి, 5 అడుగుల్లో వాటికి ఇరుకు. సెవెరమ్ ఒకటి వేయొచ్చు. క్లౌన్ లోచ్ శాంతమైనదే, అయితే అదీ అడుగునే వెతుక్కుంటుంది. వేస్తే ఈల్‌కి మేత విడిగా అందించాలి.

గప్పీలు, నియాన్ టెట్రాలు వద్దు. తెల్లారేసరికి లెక్క తగ్గుతుంది. ఫ్లవర్‌హార్న్ అసలే వద్దు. అదృష్టమని పెంచుకుంటారు గానీ పక్క చేపకి అది దురదృష్టమే. సక్కర్ ఫిష్‌ని "గాజు శుభ్రం చేస్తుంది సార్" అని అంటగడతారు. పెద్దయ్యాక అది పక్క చేపల ఒంటికి అతుక్కుని జిగురు నాకే అలవాటు పడొచ్చు. ఈల్‌కి పొలుసులు మరీ సన్నం, రాగి కలిసిన మందులు పడవు, పుండు పడితే వైద్యం కష్టం. ఇంకో టైర్ ట్రాక్‌ని జత వేద్దామనుకుంటారు కొందరు. పెద్దయ్యాక వాటిలో అవే కొట్టుకుంటాయి.

మా ఇంట్లో పద్ధతి ఇదీ: ముందు పైచేపలకి గింజల మేత. లైటు ఆపి అరగంట ఆగి, పీవీసీ పైపు ముక్క నిలబెట్టి వానపామో ఉప్పు కలపని పచ్చి రొయ్యో ఈల్ ముక్కు దగ్గరికి జారవిడుస్తాను. కొత్త చేప ఏది తెచ్చినా మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాకే ఇందులోకి.

మూత సంగతి మర్చిపోయాను. వేలు దూరే సందున్నా ఇది బయటికొచ్చేస్తుంది. పైపులు దిగే చోట స్పాంజి కుక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇసుక ఏది వాడాలో చూద్దాం. ఉంటానండీ.