బాస్కెట్‌బాల్ బయలును గూర్చి కొన్ని మాటలు

(కోయంబత్తూరున మన సంఘపు వార్షిక సమావేశమందు చేయబడిన ప్రసంగ పాఠము)



నేటి కార్యక్రమ పత్రికలో ఏడవ అంశముగా ఒక తీర్మానము అచ్చయినది. మన విద్యార్థి వసతిగృహము వెనుకనున్న బాస్కెట్‌బాల్ బయలును తీసివేసి, ఆ స్థలమున కల్యాణమండపము కట్టవలెనన్నది దాని సారాంశము. వోటు తీయుటకు ముందు ఆ బయలును ఎరిగినవారెవరైన నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరిరి. మేము అచట పండ్రెండేండ్లు బంతి యాడినవారము గనుక ఆ పని మాకు వచ్చినది.

మేము మోటారు పంపుల విడిభాగముల అంగడి నడుపుకొనువారము. 1996లో మెట్రిక్యులేషను ముగియగానే మా తండ్రిగారు అంగడి తాళపుచెవి మా చేతికిచ్చిరి. కావున కళాశాల చదువు మాకు లేదు. కళాశాల మెట్లెక్కినది పందెములు చూచుటకు మాత్రమే. అయినను సాయంత్రము ఆరుగంటలకు గల్లాపెట్టె మూసి, ఆ బయలునకు పరుగెత్తిన యేండ్లను తలచుకొనునప్పుడు, కళాశాలకు పోయిన మా యీడువారు తమ కళాశాలను తలచుకొనినట్లే యుండును.

ఆ బయలు ఏమంత గొప్పది కాదు. రెండు ఇనుప స్తంభములు, రెండు చెక్కపలకలు, బీటలు వారిన సిమెంటు నేల. వలయమును మా జట్టువాడొకడు తాను పనిచేయు లేత్ షెడ్డులో కమ్మిని వంచి అతికించి తెచ్చెను. దాని అడ్డుకొలత పదునెనిమిది అంగుళము లుండవలెను. మాది అరంగుళము తక్కువ. ఇరుకు వలయమునకు అలవాటుపడిన చేయి గనుక, బయటి బయళ్లలో మావారి గురి తప్పెడిది కాదు. పరుల జట్లు దీనికి కారణము తెలియక, మేము తెల్లవారుజామున రహస్యముగా అభ్యాసము చేయుదుమని చెప్పుకొనెడివి. వలయమునకు వల యెన్నడును లేదు. బంతి లోపల పడినదా, ప్రక్కనుండి పోయినదా యన్న తగవు లేని సాయంత్రమును లేదు.

ఆ రోజులలో ఆట ఇరువది నిముషముల రెండు భాగములుగా నుండెను. పది నిముషముల నాలుగు భాగములైనది 2000 తరువాత. మూడు పాయింట్ల గీత వలయమునకు 6.25 మీటర్ల దూరమున నుండెడిది. 2010లో దానిని 6.75 మీటర్లకు జరిపిరి. మన బయలులో నేటికిని పాతగీతయే యున్నది. దానిని మేము సున్నముతో గీచినాము. నేటి పిల్లలు దానికి వెలుపల బొగ్గుతో మరియొక గీత గీచుకొని ఆడుచున్నారు. చూడదలచినవారు సభ ముగిసిన పిదప వెనుకకు పోయి చూడవచ్చును.

పందెములనగా మాకు పీలమేడు. పి.ఎస్.జి. ట్రోఫీ అఖిల భారత పోటీ ఏబది యేండ్లకు పైబడి జరుగుచున్నదని తమకు తెలియనిది కాదు. మదరాసునుండి ఇండియన్ ఓవర్సీసు బ్యాంకు జట్టు, పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారపు జట్టు వచ్చునప్పుడు అవినాశి రోడ్డున సైకిళ్లు బారులు తీరెడివి. మేము నలుగురము రెండు సైకిళ్లపై పోయి, మెట్లపై చివరి వరుసన కూర్చుండి, ఆటగాండ్ర పాదములనే చూచుచుంటిమి. చేతులను చూచిన మోసపోదుము, కాళ్లు అబద్ధమాడవని మా వార్డెనుగారు చెప్పియుండిరి. మరునాడు మన బయలులో ఆ అడుగులన్నియు మరల వేయబడెడివి. సగము తప్పులే.

ఆ విద్యాసంస్థలు ఎట్లు పుట్టినవో పిల్లలకు చెప్పుట మనము మానినాము గనుక ఇచట ఒక మాట చెప్పెదము. పి.ఎస్. గోవిందస్వామినాయుడుగారి నలుగురు కుమారులు తండ్రి ఆస్తిని అయిదు పాళ్లు చేసిరి. నాలుగు పాళ్లు తాము తీసుకొని, అయిదవదానిని 1926లో ధర్మమునకు విడిచిరి. 1951లో వెలసిన సాంకేతిక కళాశాల ఆ ధర్మపు నీడలోనిదే. ఇంట తెలుగు మాటలాడు కుటుంబమే అది. కాని ఆ వాకిట ఇంటిభాషను అడిగి లోనికి పంపుట లేదు. మావంటి అంగడి కుఱ్ఱవాండ్రును ఆ మెట్లపై కూర్చుండి చూచితిమి.

ఇక మన బయలులోని భాషను గూర్చి. బంతి నడుగునప్పుడు మాలో ఒకడు ‘ఇయ్యి’ అనును, ఇంకొకడు ‘తా’ అనును. ‘తా’ అరవమా తెలుగా యని ఆట నాపి వాదించుకొన్న దినములు కలవు. బడిలో తమిళము, అంగడిలో తమిళము, ఇంట పెద్దవారితో మాత్రమే తెలుగు. ఆ బయలులో ఒకయీడు మగపిల్లలు తమలో తాము తెలుగున అరచుకొనెడివారు. తిట్టుకొనుటయు తెలుగుననే. ఆ భాషను సమర్థింపము గాని, బ్రతికిన భాష యదియే.

బయటి పందెములలో ఇది మాకు ఆయుధముగా నుండెను. ‘ఎడమకు’, ‘వెనక్కి’, ‘వాణ్ణి వదిలెయ్యి’ యని తెలుగున కేకవేసిన, ఎదుటివారికి తెలియదని మా లెక్క. ఒక వేసవి పోటీలో, ఆట రెండవ భాగమున, ఎదుటి జట్టులోని పొట్టి కుఱ్ఱవాడొకడు మా బంతులను వరుసగా నడుమనే పట్టసాగెను. ఆట ముగిసిన తరువాత అడిగితిమి. ‘మీరు చెప్పి మరీ ఇస్తుంటే పట్టుకోకుండా ఎట్లా ఉండేది అన్నా?’ యని అచ్చమైన తెలుగున నవ్వుచు చెప్పెను.

అతని యిల్లు పారిశుద్ధ్య కార్మికుల వీధిలో. మన జిల్లాలోని అరుంధతీయులలో అనేకుల ఇంటిభాష తెలుగే. తరతరములుగా వారు ఈ నగరపు వీధులూడ్చుచు, మురుగు తీయుచు, ఆ భాషను పిల్లలకు ఇచ్చుకొనుచు వచ్చిరి. మన భాషను ఇచట నిలిపినవారెవరని సభలలో మనము లెక్కించునప్పుడు మిల్లులవారిని, భూములవారిని, వర్తకులను లెక్కింతుము. సభ్యుల పట్టికలో ఆ వీధి పేళ్లెన్ని యున్నవో కార్యదర్శిగారికి తెలియును.

తరువాతి వారము ఆ కుఱ్ఱవాడు మరి నలుగురితో మన బయలునకు వచ్చెను. ఒకరిద్దరు పెద్దలు ముఖము చిట్లించిరి. వార్డెనుగారు ఏమియు మాటలాడలేదు. వరండాలో నుండిన మంచినీటి కుండను, దానిపైనున్న ఒక్క లోటాను తెచ్చి, బయలు ప్రక్కన వేపచెట్టు క్రింద పెట్టిరి. రెండవ లోటా తేలేదు. ఆట నడుమ అందరు దానితోనే త్రాగితిమి. మరునాటినుండి ఆ కుండ అచటనే యుండెను. ముఖము చిట్లించిన పెద్దలలో ఒకరి కుమారుడు మా జట్టులో ముఖ్యుడు. అతడు రాక మానలేదు. ఆ పెద్దయు అటుపిమ్మట పందెములు చూచుటకు కుర్చీ వేయించుకొనెడివారు.

ఆ అయిదుగురిలో ఒకనికి ఆటగాండ్ర కోటాలో రైల్వే ఉద్యోగము వచ్చినది. ఇద్దరు కార్పొరేషనులోనే పనిచేయుచున్నారు. ఒకడు తిరుప్పూరున బనియను కంపెనీలో మేస్త్రీ. అయిదవవాడు, ఆ పొట్టివాడు, మురుగుతొట్టిలో దిగి ఊపిరాడక పోయెను. అట్లు మనుష్యులను దింపరాదని 2013లో చట్టము వచ్చియే యుండెను. అతని భార్య అదే వీధిలో నున్నది. అతని కుమారునికి పదునాలుగేండ్లు. తెలుగు చక్కగా మాటలాడును, ఒక్క అక్షరము చదువలేడు. సాయంత్రములు మన బయలుననే ఆడును. బొగ్గుగీత గీచినది అతడే.

మా అన్నగారి అబ్బాయి ఇప్పుడు న్యూయార్కున ఉద్యోగములో నున్నాడు. మా ఆటపిచ్చి ఎరిగినవాడు గనుక అచటి వీధి బయళ్ల ఛాయాచిత్రములను పంపును. వానలో చిరుగకుండుటకు పెక్కుచోట్ల నూలువలకు మారుగా ఇనుప గొలుసుల వల వ్రేలాడదీసియున్నారు. ఆ నగరమున సిటీ కాలేజి యని ఒకటి కలదు. 1847లో బీదల పిల్లలకై పెట్టబడి, 1976 వరకు బోధనరుసుము లేకుండ నడచినది. వలసవచ్చినవారి బిడ్డలు, ఇంట ఒక భాష వీధిలో ఒక భాష మాటలాడువారు, అచట నిండిరి. 1950లో ఆ కళాశాల జట్టు దేశములోని రెండు పెద్ద పోటీలను, ఎన్.ఐ.టి.ని, ఎన్.సి.ఎ.ఎ.ని, ఒకే యేట గెలిచెను. అట్లు గెలిచిన జట్టు వేరొకటి లేదు. రెండింట తుదిపోరున ఓడినది బ్రాడ్లీ జట్టే. నడుమ కెంటకీ వంటి ఉద్దండులను 89–50తో చిత్తుచేసిరి. ఆడినవారు యూదుల పిల్లలు, నల్లవారి పిల్లలు. నగరపు వీధి బయళ్లలో ఆట నేర్చినవారు. నాట్ హోల్మన్ వారి శిక్షకుడు.

కథలో మచ్చయు కలదు, దాచనేల? మరుసటి యేడు, 1951లో, ఆ జట్టువారిలో కొందరు పందెపురాయుళ్ల సొమ్ము తీసుకొని పాయింట్లను అటునిటు చేసిరని పట్టుబడిరి. ఆటచుట్టు సొమ్ము తిరుగుట ఎంత చెరుపో మన నగరపు పోటీలవారును తెలిసికొనవలసినదే. ఆ పట్టుబడినవారిలో ఫ్లాయిడ్ లేన్ అనునతడు తరువాత వీధి పిల్లలకు ఆట నేర్పుచు కాలము గడపెను. 1974లో ఆ కళాశాలయే అతనిని శిక్షకునిగా పిలిచినది.

కాని మేము చెప్పదలచినది హోల్కొంబ్ రకర్ అను మనుష్యుని గూర్చి. అతడు ఆ నగరపు ఉద్యానవనముల శాఖలో ఆటస్థలమును చూచుకొను చిన్న ఉద్యోగి. 1950 ప్రాంతమున హార్లెములో పిల్లలకొక పోటీ నారంభించెను. ఆడుటకు వచ్చినవాని బడి మార్కులను అడిగి చూచెడివాడు. 1965లో చిన్నవయసుననే చనిపోయెను. తరువాత ఆ బయలునకు అతని పేరే పెట్టిరి. దేశమంతట పేరుమోసిన ఆటగాండ్రు వచ్చి ఆ సిమెంటు నేలపై ఆడిపోయిరి. అతడు కట్టడ మేదియు కట్టలేదు. ఉన్న బయలును మూయనీయలేదు, వచ్చిన పిల్లలను బడి మాననీయలేదు.

ఇప్పుడు లెక్క చూతము; వర్తకులము గనుక అది లేక మాకు తోచదు. ఆట బయలు నియమము ప్రకారము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టును రెండేసి మీటర్లు విడిచినచో మొత్తము స్థలము సుమారు పదునైదు సెంట్లు. ఈ పదునైదు సెంట్లకు నేటి ధర యెంతో మాకును తెలియును. కల్యాణమండపము వలన అద్దె వచ్చుననుట నిజము. ఆ అద్దెతో విద్యార్థి వేతనము లిత్తుమన్న కోశాధికారిగారి మాటను మేము త్రోసివేయుట లేదు. అయితే ముహూర్తములు లేని ఆషాఢమున, పుష్యమాసమున మండపము తాళము వేసియుండును. బయలు వానరోజున తప్ప ఎన్నడును ఖాళీగా నుండదు. మండపమునకు వచ్చువారు ఒకపూట భోజనము చేసి పోవుదురు. వారిలో ఎందరు తెలుగువారో, పిలుపుపత్రిక యే భాషలో నున్నదో మన యిండ్ల పెండ్లిళ్లను చూచిన తెలియును.

మండపము తప్పనిసరియైనచో, ముందువైపున పాత సామాను గదులున్నవి. అవి రోడ్డు మీదికే యున్నవి. మండపమునకు అదియే తగిన చోటు. మేడమీద కట్టుకొనవచ్చును. ఖర్చు కొంత పెరుగును, కాదనము. బయలును మాత్రము ముట్టవలదు.

అట్లని ఉన్నది ఉన్నట్లే యుండుమనుటయు మా మతము కాదు. ఆడపిల్లలకు అచట నేటివరకు వేళ లేదు. మదరాసున ఆట నేర్చిన అనితా పాల్‌దురై భారత మహిళల జట్టునకు నాయకురాలై, 2021లో పద్మశ్రీ పొందినది. మన పిల్లలు ఆమె పందెములను ఫోనులో చూచి, మన గోడవెలుపల నిలుచుండుట సిగ్గుచేటు. సాయంత్రము అయిదునుండి ఆరువరకు వారికి విడువవలెను. ఆ వేళ తల్లులెవరైన ఇద్దరు కూర్చుండిన చాలును.

రెండవది, ఆట ముగిసిన తరువాత అరగంట తెలుగు అక్షరములు. బడిలో మన పిల్లలకు తెలుగు అందుట నానాట తగ్గుచున్నది. 2006 నాటి చట్టము తరువాత తమిళము తప్పనిసరియైనది, అది నేర్వవలసినదే. తెలుగునకు వేరుగా తరగతి పెట్టి చూచినాము. మొదటి వారము ముప్పదిమంది, మూడవ వారము నలుగురు. బంతి యున్నచోటికి పిల్లలు తామే వత్తురు. వేపచెట్టు క్రింద ఒక పలక, ఒక దీపము పెట్టిన, ఈ వారపత్రికనే పుస్తకముగా చదివింపవచ్చును. చదువు చెప్పుటకు విశ్రాంత ఉపాధ్యాయులిద్దరు ఒప్పుకొనియున్నారు. ఆ వీధి పిల్లలను మన పిల్లలతో కలిపి ఒకే చాపపై కూర్చుండబెట్టవలెను. వారి తల్లిదండ్రులను సభ్యులుగా చేర్చుకొనుటకు పత్రములు మేము తెచ్చియున్నాము. ప్రవేశరుసుమును వాయిదాలలో కట్టుటకు నిబంధనలలో వీలు కలదు, పదునొకండవ నిబంధన చూడుడు.

క్రొత్త పలకలు, సరియైన కొలత వలయములు, నేలబీటలకు సిమెంటు, రెండు దీపములు — ఈ ఖర్చు మా అంగడి భరించును. చిట్టాలో విరాళముగా వ్రాయనక్కర లేదు. కుండయు క్రొత్తది కొనవలసియున్నది. పాతది నిరుడు పగిలినది.

ఏడవ అంశము చర్చకు వచ్చినప్పుడు మేము సవరణను లిఖితపూర్వకముగా అధ్యక్షులవారికి అందజేయుదుము. బలపరచుటకు ఇద్దరు కావలెను. వోటుహక్కు గల సభ్యులు భోజనమునకు ముందు వెళ్లిపోవలదని ప్రార్థన.