గాయాలు కట్టే చేతులు
(కొత్తపేటలో మహిళల చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం అనగానే తుపాకి పట్టిన జవాను గుర్తుకొస్తాడు. ఆ జవానుకు గుండు తగిలితే ఎవరు చూస్తారు? డాక్టరు, నర్సు. ఈ రోజు ఆ నర్సు గురించి చెప్పుకుందాం.

యుద్ధం జరిగే చోటికి కాస్త వెనకాల గుడారాల్లో ఆసుపత్రి పెడతారు. దాన్ని ఫీల్డ్ హాస్పిటల్ అంటారు. గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ల మీద, అంబులెన్సుల్లో అక్కడికి తెస్తారు. ఒక్కసారే చాలామంది రావచ్చు. ముందు ఎవరిని చూడాలి? గట్టిగా అరిచేవాణ్ణి కాదు, ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి. ఒక్కోసారి అరిచే ఓపిక కూడా లేనివాడికే ఎక్కువ ప్రమాదం.

నర్సు గాయం మీది బట్ట కత్తిరిస్తుంది. రక్తం ఆగేలా అదిమి కట్టు కడుతుంది. నాడి చూస్తుంది. సెలైన్ ఎక్కిస్తుంది. ధనుర్వాతం రాకుండా సూది వేస్తుంది. కదలలేనివాణ్ణి రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది. తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఏ మందు, ఎంత, ఏ గంటకు ఇచ్చిందో కాగితం మీద రాస్తుంది. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు అది చదివే మందు ఇస్తుంది. ఒక్క అంకె తప్పు పడినా ప్రాణం పోవచ్చు. చూశారా, అక్షరం విలువ ఎంతో!

గాయపడి వచ్చినవాడు శత్రువు సైనికుడైతే? అతనికీ వైద్యం చెయ్యాల్సిందే. 1864లో జెనీవా నగరంలో దేశాలు కలిసి రాసుకున్న ఒప్పందం అది.

పూర్వం ఇలా ఉండేది కాదు. 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో టర్కీలోని యుద్ధ ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ మురుగు, ఎలుకలు, మాసిన పక్కలు. గాయాలతో కన్నా కలరా, విరేచనాల వంటి రోగాలతోనే ఎక్కువమంది జవాన్లు చనిపోయేవారు. పక్కలు ఉతికించారు, మురుగు కాల్వలు బాగు చేశారు, గాలి ఆడేలా చేశారు. చావులు తగ్గాయి. ఎంతమంది పోయారో, ఎందుకు పోయారో ఆమె లెక్క రాసి ప్రభుత్వానికి చూపించింది.

మన దేశానికి సైనిక నర్సులు 1888లో వచ్చారు. మొదట వచ్చింది పదిమంది. ఇవాళ సైనిక నర్సు అంటే ఆఫీసరు. లెఫ్టినెంటు హోదాతో ఉద్యోగం మొదలవుతుంది.

యుద్ధం లేనప్పుడు కూడా సైనిక ఆసుపత్రులు నడుస్తూనే ఉంటాయి. అలాంటిది ఒకటి మన నగరంలోనే, సికింద్రాబాదులో ఉంది. సెలీనా జాన్ అనే నర్సు అక్కడ లెఫ్టినెంటుగా పనిచేసింది. ఒక సైనిక ఆఫీసరును పెళ్లి చేసుకుంది. 1988లో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం పెళ్లి! 1977 నాటి నియమం అలా ఉంది. పెళ్లి చేసుకున్న మగవాడికి ఆ నియమం లేదు. 1995లో దాన్ని రద్దు చేశారు. కానీ ఆమె పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు.

ఆమె ఊరుకోలేదు. కోర్టుకు పోయింది. సైనిక ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆమెకు జరిగింది అన్యాయమే అంది. పెళ్లి చేసుకుందని స్త్రీని పనిలోంచి తీసేయడం ఆడ, మగ వివక్ష అని చెప్పింది. 60 లక్షల రూపాయలు ఇమ్మంది. ఉద్యోగం పోయి అప్పటికి 35 ఏళ్లు దాటాయి.

అక్కలారా, నర్సు పని సేవే. కానీ సేవ అని పొగిడి, హక్కు దగ్గరకు వచ్చేసరికి వెళ్లిపొమ్మంటే న్యాయమా? పనికి తగ్గ విలువ దక్కాలి. మీలో కొందరు ఇళ్లలో, కొందరు దుకాణాల్లో పనిచేస్తారు. చేతికిచ్చిన కాగితం చదవకుండా వేలిముద్ర వేసిన రోజులు పోయాయి. ఇక ముందు చదవండి, తర్వాతే సంతకం పెట్టండి. అర్థం కాకపోతే అడగండి. మీ ఆడపిల్ల నర్సునవుతాను అంటే, పెళ్లికి అడ్డమని ఆపకండి.

సెలవు.