వరద తీసిన తర్వాత మన ఫోన్లు ఏం చెప్పాలి?



2015 డిసెంబరులో అడయారు నది పొంగి చెన్నై మునిగింది. నీళ్లు తీశాక వీధుల్లో బురదను, కుళ్లిన చెత్తను ఎత్తినవారు పారిశుద్ధ్య కార్మికులు. ఇతర జిల్లాల నుండి కూడా వేలమందిని రప్పించారు. చెన్నైలో తరతరాలుగా ఈ పని చేస్తున్నవారిలో తెలుగు దళితులు చాలామంది. ఆదివారం ఆరాధనలో మన పక్కన కూర్చునేవారే.

వరద తగ్గాక రోగాల ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో గాయమున్న కాలు పెడితే లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడడం దాని గుర్తులు. చికిత్స ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినవచ్చు. 2018 కేరళ వరదల తర్వాత, శుభ్రం చేసే పనిలో దిగినవారికి ఆరోగ్య శాఖ డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చింది. అవి వేసుకోవద్దని సోషల్ మీడియాలో ప్రచారమూ సాగింది. రెండు కబుర్లూ ఒకే ఫోనులోకి వచ్చాయి.

మరి మనం ఏం చేద్దాం?

మొదటిది, భాష. ప్రభుత్వ హెచ్చరికలు తమిళనాడులో తమిళంలో, ఒడిశాలో ఒడియాలో వస్తాయి. మన పెద్దల్లో కొందరు ఏ లిపీ చదవలేరు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాటలు వచ్చు గాని రాత రాదు. అందుకే ఆరోగ్య శాఖ ప్రకటనను మన ఇంటి తెలుగులో వాయిస్ మెసేజ్‌గా పంపుదాం. ఒక్కో మెసేజ్‌లో ఒక్క సంగతే చెబుదాం: నీళ్లు మరగకాచి తాగండి, విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగించండి. తేదీ, ఊరు, ఎవరి ప్రకటనో తప్పక చెప్పాలి.

రెండవది, నిజం. "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని వాట్సాప్ చూపిస్తే ఆగుదాం. డాక్టరును అడగకుండా ఏ మందు పేరూ పంపవద్దు.

మూడవది, న్యాయం. "బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి" అని పంపడం సులువే. అవి ఇవ్వని కార్మికునికి ఆ మాట ఎగతాళిగా ఉంటుంది. ఆ మెసేజ్ ముందు కార్పొరేషన్‌కు చేరాలి. వీధి పేరు, తేదీ రాసి అధికారుల పేజీలో అడుగుదాం, ఇచ్చేవరకు అడుగుదాం. కార్మికుని ముఖం, పేరు మాత్రం పెట్టవద్దు. అతని పనికే ముప్పు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆలోగా ప్రతి యువజన సంఘం తన వీధిలో ఫోను లేని ఇళ్లను గుర్తించాలి. ఆ ఇళ్లకు కబురు మన కాళ్లమీద వెళ్లాలి.