బొమ్మ వెనుక రాత
(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా గుంటూరులో చేసిన స్మారకోపన్యాసం)



మన ఫొటోగ్రఫీ క్లబ్బు మాస్టారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు ఆయన తీసిన ఫొటోల గురించి చెప్పడం నాకు తేలిక. ఆయన మాత్రం ఒప్పుకునేవారు కారు. ఎవరు పొగిడినా "అది క్లబ్బు పని, నా ఒక్కడిదీ కాదు" అనేవారు. అది మొహమాటానికి అన్న మాట కాదని, ఆయన గట్టిగా నమ్మిన మాటేనని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. అందుకే ఇవాళ నేను ఫొటోగ్రఫీ సంఘాల చరిత్ర చెబుతాను. వాటిలో మనుషులు కలిసి ఏం చేశారు, ఏం చేయకుండా వదిలేశారు అన్నదే నా విషయం.

1839 ఆగస్టు 19న ఫ్రెంచి ప్రభుత్వం డాగెరోటైప్ పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఈ రోజు పండుగ అందుకే. లండన్‌లో ఫొటోగ్రఫిక్ సొసైటీ పుట్టింది 1853లో. ఆ మరుసటి ఏడాదే, 1854లో, బొంబాయిలో ఒక సంఘం ఏర్పడింది. 1856లో కలకత్తాలో, మద్రాసులో కూడా వచ్చాయి. రైలు మన దేశంలో అప్పుడప్పుడే పట్టాలెక్కుతున్న కాలం అది. అంత తొందరగా సంఘాలెందుకు కట్టారంటే, ఒంటరిగా నెగ్గుకొచ్చే పని కాదు కాబట్టి. మందులు ఓడ మీద రావాలి. గాజు పలక మీద పూసిన కొలోడియన్ ఆరిపోయేలోగా ఫొటో తీసి, కడగడం కూడా పూర్తిచేయాలి. ఇంగ్లండు చలికి తయారుచేసిన పద్ధతులు మన ఎండలో పనిచేసేవి కావు. ఒకరికి కుదిరిన పాళ్లు ఇంకొకరికి చెప్పుకోవాలి, చెడిన ప్లేటు అందరికీ చూపించి కారణం అడగాలి. బొంబాయి సంఘంలో ఆంగ్ల అధికారులతో పాటు డాక్టర్ భావూ దాజీ, ఆయన తమ్ముడు నారాయణ్ దాజీ వంటి మనవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు.

అలాగని ఈ సంఘాలు సమాజానికి అవతల నిలబడిన చోట్లేమీ కావు. కలకత్తా సంఘంలో రాజేంద్రలాల్ మిత్రా బాధ్యతలు చూసేవారు. గొప్ప పండితుడు, పురాతత్వవేత్త. 1857లో ఆయన ఒక బహిరంగ సభలో నీలిమందు తోటల దొరల దౌర్జన్యం మీద గట్టిగా మాట్లాడారు. ఆ ప్రసంగానికీ ఫొటోగ్రఫీకీ ఏ సంబంధమూ లేదు. అయినా సంఘం ఆయన్ను వెలివేసింది. మన సంఘాల చరిత్ర రాసుకునేటప్పుడు ఈ పుట చింపేయకూడదని నా అభిప్రాయం. కెమెరా ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే ఉంది.

మద్రాసు సంగతి మనకు మరీ దగ్గరది. అక్కడి సంఘం వెనక ఉన్నవారు అలెగ్జాండర్ హంటర్. మద్రాసులో చిత్రకళా పాఠశాల స్థాపించిన డాక్టరు ఆయనే. ఆ సంఘం పెద్దల్లో వాల్టర్ ఇలియట్ ఒకరు. ఈ పేరు గుంటూరు వాళ్లు మరిచిపోకూడదు. 1845లో మన అమరావతి స్తూపపు దిబ్బ తవ్వించి, సున్నపురాతి శిల్పాలు మద్రాసుకు తరలించింది ఆయనే. అక్కడ అవి ఏళ్ల తరబడి మ్యూజియం ఆరుబయట పడి ఉన్నాయి. ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లో వాటిని ఒక్కొక్కటిగా ఫొటో తీశాడు. మరుసటి ఏడాది ఆ రాళ్లు లండన్‌కు ఓడెక్కాయి. ఇవాళ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ట్రైప్ తీసిన ఫొటోలు మిగిలాయి, రాళ్లూ మిగిలాయి. ఏ రాయి స్తూపానికి ఏ వైపున, ఎంత ఎత్తున ఉండేదో చెప్పే ఇలియట్ తవ్వకం వివరాలు మాత్రం సరిగా మిగల్లేదు. అంతకు ముందు, 1816–17లో, కల్నల్ మెకంజీ తన చిత్రకారుల చేత గీయించిన బొమ్మలు ఉన్నాయి. పెన్సిలుతో, కొలతలతో, రాయి దొరికిన చోటుతో సహా గీసినవి. అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఊహించాలనుకునే పండితులు ఇప్పటికీ మెకంజీ కాగితాల దగ్గరికే వెళతారు. కెమెరా రాళ్ల మీది ఒక్క గీతను కూడా వదల్లేదు. కానీ దాని పక్కన నాలుగు మాటలు రాసిపెట్టేవాడు లేకపోతే, ఎంత స్పష్టమైన ఫొటో అయినా సగం మూగదే. మాస్టారు ఈ ఉదాహరణ కొత్తగా చేరిన ప్రతి సభ్యుడికీ చెప్పేవారు.

హైదరాబాదు కథ వేరు. అక్కడ క్లబ్బుకంటే ముందు స్టూడియో వచ్చింది. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. 'రాజా' బిరుదూ నిజాం ఇచ్చినదే. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక మహిళకే అప్పగించారు. ఆయన స్టూడియోలన్నీ ఉమ్మడి పని మీదే నడిచాయి. ప్లేట్లు పూసేవారు, ముద్రించేవారు, రంగులు దిద్దేవారు, లెక్కలు రాసేవారు అంతా కలిస్తేనే ఆ ఒక్క సంతకం. 1905లో ఆయన పోయారు. ఆ తర్వాత ఎనిమిది దశాబ్దాలకు, 1989లో, ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఇంటివాళ్లు అంతకాలం భద్రపరిచారు కాబట్టే అవి మనకు దక్కాయి.

ఇరవయ్యో శతాబ్దంలో సంఘాల ధోరణి మారింది. ఫొటో కూడా చిత్రలేఖనంతో సమానమైన కళే అని నిరూపించాలన్న పట్టుదల పాశ్చాత్య దేశాల నుంచి మన క్లబ్బుల దాకా వచ్చింది. 1950లో అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ వచ్చింది, 1953లో మన దేశపు సమాఖ్య ఎఫ్.ఐ.పి. వచ్చింది. ఈ రెండూ వచ్చాక చిన్న ఊళ్ల క్లబ్బులకు కూడా పెద్ద లోకం తలుపులు తెరుచుకున్నాయి. హైదరాబాదులో రాజా త్రయంబక్ రాజ్ బహదూర్, ఆ తర్వాత కోరుట్ల నుంచి వచ్చిన బండి రాజన్‌బాబు తెలుగువాళ్ల పేరు ఆ లోకంలో నిలబెట్టారు.

ఇక మన క్లబ్బు.

ఇక్కడున్న చిన్నవాళ్లకు డార్క్‌రూమ్ అంటే ఏమిటో తెలియదు, కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. ఒక సభ్యుడి ఇంటి వెనక సామాను గది. కిటికీకి నల్ల రెక్సిను. నెగెటివ్‌ను కాగితం మీద పెద్దది చేసే ఒక ఎన్‌లార్జరు, మూడు ట్రేలు, ఎర్ర బల్బు. ఎన్‌లార్జరు అందరూ చందా వేసుకుని కొన్నది. ఫిల్ము కూడా ఉమ్మడే. వంద అడుగుల రీలు ఒకటి తెప్పిస్తే, చీకట్లో కొలిచి కత్తిరించి పాత డబ్బాల్లో చుట్టుకుంటే పద్దెనిమిది రోళ్ల దాకా వచ్చేవి. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' దొరికితే ఇందు, తూర్పు జర్మనీ ఆర్వో దొరికితే ఆర్వో. విడిగా రోలు కొనుక్కోలేని కుర్రాళ్లు ఫొటోగ్రఫీ నేర్చుకున్నది ఈ రీలు పుణ్యానే.

డెవలపరు కూడా మనమే కలుపుకునేవాళ్లం. లీటరు నీళ్లకు రెండు గ్రాముల మెటాలు, వంద గ్రాముల సోడియం సల్ఫైటు, అయిదు గ్రాముల హైడ్రోక్వినోను, రెండు గ్రాముల బోరాక్సు. దీన్నే డి-76 అంటారు. మెటాలు ముందు వేయాలి, సల్ఫైటు తర్వాత. సల్ఫైటు ఎక్కువగా ఉన్న నీళ్లలో మెటాలు కరగదు. కానీ మెటాలు గాలికి పాడవకుండా, అన్నిటికంటే ముందు చిటికెడు సల్ఫైటు వేయాలి. ఆ చిటికెడు సంగతి మాస్టారు చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. ఇరవై డిగ్రీల దగ్గర కడగాలని పుస్తకం చెబుతుంది. గుంటూరు మే నెలలో ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడి. వేడి మందులోంచి తీసిన ఫిల్మును చల్లటి నీళ్లలో ముంచితే పైపూత ముడతలు పడి, ఎండిన చెరువు అడుగులా పగిలిపోతుంది. అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెచ్చి, పెద్ద బేసినులో పెట్టి, మందు సీసాలు, హైపో సీసా, కడిగే నీళ్లు అన్నీ ఒకే చల్లదనానికి తెచ్చేవాళ్లం. ఒకరు థర్మామీటరు చూస్తే, ఒకరు గడియారం చూసేవారు, ఒకరు ట్యాంకు తిప్పేవారు. ఆ ఫిల్ము ఎవరిదన్నది అక్కడ ముఖ్యం కాదు.

నెలకోసారి రెండో ఆదివారం సమావేశం. ప్రింట్లు పేరు లేకుండా గోడకు ఆనించి వరసగా పెట్టేవారు. తీసినవాడు నోరు మెదపకూడదు, మిగిలినవాళ్లు మాట్లాడాలి. బాగుందని ఊరుకుంటే మాస్టారు ఒప్పుకోరు. ఏం బాగుందో, ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించమనేవారు. ఒక మూల తెల్లగా మెరుస్తుంటే, అక్కడ ఎన్‌లార్జరు వెలుగు ఇంకో అయిదు సెకన్లు పడనిస్తే కన్ను ముఖం మీద నిలుస్తుందని చెప్పి, అదే సాయంత్రం డార్క్‌రూమ్‌లో చేతుల నీడతో మిగతాది కప్పి చేసి చూపించేవారు. సమ్మతం లేనివాళ్లు వాదించేవారు. ఆ వాదనల్లోనే మేం చూడటం నేర్చుకున్నాం. మన క్లబ్బు ఈ ఊరికి ఇచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే అంటాను. పతకాలు ఆ తర్వాతే.

పతకాల సంగతి చెప్పకుండా వదలను. సాలాన్‌లకు, అంటే ఫొటో పోటీ ప్రదర్శనలకు, పంపడమంటే అదొక ఊరేగింపు. ప్రింట్ల వెనక లేబుళ్లు అతికించడం, అట్టల మధ్య కట్టడం, తపాలా ఖర్చు పంచుకోవడం, నెలల తరబడి ఎదురుచూడటం. తిరిగొచ్చిన ప్రింటు వెనక ఏ దేశపు చీటీ అతికి ఉందో అందరం చుట్టూ చేరి చూసేవాళ్లం. ఊళ్లో కూర్చుని ప్రపంచంతో పోల్చుకునే దారి అది. నిజంగా మేలు చేసింది.

కానీ ఒక నష్టం కూడా జరిగింది. న్యాయనిర్ణేతలు ఒక్కో ప్రింటును కొన్ని క్షణాలే చూస్తారు. ఆ కొన్ని క్షణాల్లో పట్టేసే బొమ్మలే మనమూ తీయడం మొదలుపెట్టాం. మన మిరపకాయల ఫొటోలు చూడండి. కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిర్చి, మధ్యలో వంగి కాయలు ఏరుతున్న ఒక స్త్రీ, రంగు చీర, పొడుగాటి నీడ. ఈ ఫొటోకు ఎన్నో దేశాల్లో బహుమతులు వచ్చాయి. మన దగ్గరే ఎందరో తీశారు, అందరివీ బాగున్నాయి. ఆవిడ పేరేమిటి? ఏ ఊరు నుంచి వచ్చింది? ఆ ఏడు కూలి ఎంత? ఆ ఘాటుకు ముక్కు, గొంతు ఏమవుతాయి? ఇన్ని ప్రింట్లలో ఒక్కదాని వెనకా ఈ మాటలు లేవు. లేబులు మీద ఉన్నవి తీసినవాడి పేరు, క్లబ్బు పేరు, ఒక ఆంగ్ల శీర్షిక. అమరావతి రాళ్లకు జరిగిందే మన మనుషులకూ జరిగింది. ఇది నాకు బాధగా ఉంది, అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాను.

మరోలా చేసిన సంఘాలు లేకపోలేదు. న్యూయార్కులో 1936లో ఫొటో లీగ్ అనే సంఘం ఏర్పడింది. అందులో కొందరు యువకులు ఆరన్ సిస్కిండ్ నాయకత్వంలో హార్లెంలోని నల్లజాతివారి జీవితాన్ని ఏళ్ల తరబడి కలిసి ఫొటోలు తీశారు. ఫొటోల పక్కన పెట్టేందుకు అక్కడి సమాజం తెలిసిన ఒక నల్లజాతి రచయిత చేత వ్యాసం రాయించుకున్నారు. 1947లో ప్రభుత్వం లీగ్‌ను అనుమానితుల జాబితాలో చేర్చింది, 1951లో అది మూతపడింది. హార్లెం ఫొటోల పుస్తకం 1981లో గాని రాలేదు. మన దగ్గర ఫొటోగ్రాఫర్ భరత్‌భూషణ్ ఉండేవారు. వరంగల్ మనిషి. తెలంగాణ పల్లెల వాకిళ్లు, గోడలు, బతుకమ్మలు ఒక జీవితకాలం వెంటపడి తీశారు. 2022లో ఆయన పోయారు. సంఘం అంతా కలిసి చేయవలసిన పనిని ఆయన దాదాపు ఒక్కడే మోశారు.

మాస్టారు డ్రాయింగు మాస్టారు కాబట్టి ఆయన జేబులో ఎప్పుడూ మెత్తటి పెన్సిలు ఉండేది. ప్రతి ప్రింటు వెనకా అంచున రాసేవారు: మనిషి పేరు, ఊరు, తేదీ, ఏం పని చేస్తున్నారు, ఎవరు పరిచయం చేశారు. 1977 నవంబరు తుపాను తర్వాత బాపట్ల వైపు వెళ్లి తీసిన ఫొటోల వెనక కూడా అలాగే రాశారు. బాల్‌పెన్నుతో రాయనిచ్చేవారు కారు, సిరా కాగితం లోపలికి దిగి ముందువైపు మచ్చ పడుతుందని. ఫొటోలో ఉన్నవాళ్లకు ఒక కాపీ చేర్చకుండా ఫొటోను సాలాన్‌కు పంపేవారు కారు. ఇప్పుడు ఆ ప్రింట్లను వాళ్ల అమ్మాయిగారు వరసగా పెట్టించారు. ఇవాళ ప్రదర్శనలో వాటిని ముందువైపు మాత్రమే కాకుండా వెనకవైపు కూడా కనిపించేలా పెట్టాం. రెండూ చూడండి.

ఇప్పుడు అందరి దగ్గరా ఫోనుంది, ఫిల్ము లేదు, ఐసు దిమ్మ అక్కర్లేదు. క్లబ్బు ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఫొటో తీయడానికి క్లబ్బు అక్కర్లేదు, నిజమే. తీసినదాన్ని పదిమంది ముందు పెట్టి మాట పడటానికి, ఊరును కలిసి నమోదు చేయడానికి మాత్రం కావాలి. ఉప్పలపాడు పక్షుల్ని ఇప్పటికే వేల ఫొటోలు తీశాం. ఆ చెరువు గట్టున పక్షుల్ని కాపాడుకుంటున్న ఊరివాళ్ల ముఖాలు ఎవరైనా తీశారా? కోటప్పకొండ ప్రభలు తీశాం. ఆ ప్రభలు కట్టేవాళ్ల పేర్లు, వాళ్లు వాడే కొలతలు రాసుకున్నామా? పొగాకు బ్యారన్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. వాటిలో పనిచేసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

అందుకని కార్యవర్గం అనుమతితో ఒక మనవి చేస్తున్నాను. వచ్చే నెల రెండో ఆదివారం సమావేశంలో పోటీ పెట్టవద్దు. సభ్యులందరూ ఇంట్లో అటకల మీద, రేకు డబ్బాల్లో ఉన్న పాత నెగెటివ్‌లు, ప్రింట్లు తీసుకురండి. మీరు తీసినవే కానక్కర్లేదు, మీ నాన్నగారివైనా, మూతపడిన స్టూడియోలవైనా సరే. ఊళ్లోని పెద్దవాళ్లను పిలుస్తాం. వాళ్లు గుర్తుపట్టిన పేర్లు, చోట్లు, సంవత్సరాలు అక్కడికక్కడే రాసుకుందాం. స్కానరు క్లబ్బుదే ఉంది, నెగెటివ్‌లు ఎవరివి వాళ్లు అదే రోజు తీసుకెళ్లవచ్చు. మెత్తటి పెన్సిలు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి.