పావుగంటలో ఫలితం, ఆ తర్వాత?



గర్భిణీ స్త్రీల ఆరోగ్యం అనగానే మనం రక్తహీనత గురించి, కాన్పుల గురించి మాట్లాడతాం. ఈ రోజు నేను మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే జబ్బు గురించి చెప్పదలచుకున్నాను. అది సిఫిలిస్. మన ఊళ్లలో సవాయి అంటారు.

కొన్నేళ్ల కిందట క్షేత్ర పరిశోధనలో ఒకామెను కలిశాను. రెండుసార్లు ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. మూడోసారి ఆరో నెలలో రక్తం తీసి పరీక్షకు పట్నం పంపారు. ఫలితం వచ్చేలోగా ఆమె పురిటికి పుట్టింటికి వెళ్లిపోయింది. కాగితం అత్తగారి ఊరి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. "రక్తమైతే తీసుకున్నారు గానీ, నాకేమీ చెప్పలేదమ్మా" అంది. ఆ బిడ్డా దక్కలేదు.

సిఫిలిస్ బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. తల్లికి పైకి ఏ లక్షణమూ కనిపించకపోయినా మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2016లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6 లక్షల 61 వేల మంది శిశువులకు ఇలా సోకింది. గర్భంలోనే పోయినవాళ్లు 1 లక్షా 43 వేలు, పుట్టాక నెలలోపు పోయినవాళ్లు 61 వేలు. మందు లేక జరిగిన మరణాలు కావివి. పెన్సిలిన్ 1940ల నుంచీ ఉంది. తొలి దశలో ఉంటే 24 లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కటి చాలు. ఎంతకాలంగా ఉందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. అయితే కాన్పుకు కనీసం నెల ముందు మొదలుకావాలి. అందుకే ప్రతి వారమూ విలువైనదే.

ఇప్పుడు వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్ష ఉంది. ప్రయోగశాల, కరెంటు అక్కర్లేదు. హెచ్.ఐ.వి., సిఫిలిస్ రెండింటినీ కలిపి చూసే పరీక్షను గర్భిణులకు మొదటి పరీక్షగా వాడవచ్చని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నేను చెప్పిన ఆమె విషయంలో ఇదే జరిగి ఉంటే, ఆమె బల్ల మీంచి లేవకముందే ఫలితం తెలిసేది.

కానీ పరీక్ష త్వరగా అయినంత మాత్రాన న్యాయం త్వరగా జరగదు. మూడు విషయాలు ఆలోచించాలి.

మొదటిది, ఇంజెక్షన్. పెన్సిలిన్ పడకపోతే ప్రాణాపాయమన్న భయంతో చిన్న ఆసుపత్రుల్లో సూది వేయకుండా పెద్దాసుపత్రికి పొమ్మంటారు. బస్సు చార్జీ, కూలి పోవడం, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం - ఆమె వెళ్లదు. అలాంటి ప్రమాదం అరుదు. దాన్ని ఎదుర్కొనే మందు, శిక్షణ అక్కడే ఉండాలి.

రెండవది, ఈ పరీక్ష పట్టుకునేది ప్రతిరక్షకాలను. ఒకసారి వైద్యం చేయించుకున్నవారిలో కూడా అవి ఏళ్ల తరబడి, తరచు జీవితాంతం ఉంటాయి. కాబట్టి గీత కనిపించినంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉన్నట్టు కాదు. గర్భిణికి మందు వెంటనే మొదలుపెట్టాలి, మరో రక్తపరీక్షతో నిర్ధారించాలి. ఈ తేడా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి.

మూడవది, భర్త. వీటిని 'సుఖవ్యాధులు' అన్నారు. ఎవరి సుఖం? చాలాసార్లు భర్త ద్వారానే జబ్బు వస్తుంది, అయినా ముందుగా రక్తం ఇచ్చేది గర్భిణే కాబట్టి నింద ఆమె మీదికి వస్తుంది. అతనికి వైద్యం జరగకపోతే ఆమెకు మళ్లీ సోకుతుంది. అలాగని ఆమెను అడగకుండా అత్తకో, భర్తకో ఫలితం చెప్పేస్తే ఇల్లే పోవచ్చు. ఎలా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమెతో కలిసి నిర్ణయించాలి. నలుగురూ కూర్చున్న వరండాలో పరీక్ష చేస్తే గోప్యత ఎక్కడుంటుంది?

ఇది అసాధ్యమేమీ కాదు. తల్లి నుంచి బిడ్డకు హెచ్.ఐ.వి., సిఫిలిస్ సోకకుండా అరికట్టిన దేశంగా 2015లో క్యూబాకు మొదటి గుర్తింపు వచ్చింది. 2019లో మన పొరుగునున్న శ్రీలంకకూ వచ్చింది. అక్కడ గర్భిణుల ఇళ్లకు వెళ్లే ప్రభుత్వ మంత్రసానుల వ్యవస్థ ఏళ్ల తరబడి నిలబడి ఉంది. కిట్టు కంటే ముందు మనుషులున్నారు.

అందుకని, మీ ప్రాంతంలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. పరీక్ష ఇక్కడే చేస్తున్నారా? ఇంజెక్షన్ ఈ రోజే వేస్తారా? తలుపున్న గది ఉందా? ఫలితం ముందుగా ఎవరికి చెబుతున్నారు?

నాలుగో ప్రశ్నకు జవాబు 'ఆమెకే' అని రావాలి. రక్తం ఆమెది.