బండ్లకు జాగ చూపాలె, గల్లీలను విడిపించాలె



మన జహీరాబాద్ హైదరాబాద్–ముంబయి తొవ్వ మీది పట్టణం. ఝరాసంగం, న్యాల్కల్, కోహీర్ నుంచి అంగడికొచ్చే రైతు తన బండి ఎక్కడో ఒకచోట ఆపాలె కదా! బజార్ల జాగ లేక ఆ బండి గల్లీ మొగదాల నిలిస్తే, లోపల పానం మీదికొచ్చినోళ్ల ఇంటికి అంబులెన్సు ఎట్ల పోవాలె?

రైతును, తోపుడుబండి పేదను తిడితే ఇది తెగదు. కాంప్లెక్సులకు పార్కింగ్ ఉండాలని 2012 నాటి జీవో 168 చెప్పింది. స్థానిక సంస్థను సంప్రదించి బండ్లు నిలిపే జాగలు నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ సర్కారుకిచ్చింది.

మేమడిగేది ఒక్కటే: పార్కింగ్ సెల్లార్లల్ల దుకాణాలు ఖాళీ చేయించుండ్రి, బండ్లకు జాగ గీయుండ్రి, గల్లీ మొగదాల వదిలిపెట్టుండ్రి. అంగడికొచ్చేటోళ్లు మనోళ్లే, గల్లీల ఉండేటోళ్లూ మనోళ్లే.